అంతోనివారి పాదాల దగ్గరి బట్ట

సూర్యాపేటలో మేము పూజకు వెళ్లే కతోలిక గుళ్లో, ఎడమ పక్క గోడ గూట్లో, వనవాసి అంతోనివారి స్వరూపం ఉండేది. తెల్లటి గడ్డం, చేతిలో పొడుగాటి కర్ర, గోధుమ రంగు అంగీ కనిపించేవి. మోకాళ్ల నుంచి కిందికి మాత్రం అంతా బట్టే. గేదె చూడి నిలవకపోయినా, పిల్లకు జ్వరం తగ్గకపోయినా జనం అంతోనివారికి బట్ట కడతామని మొక్కుకునేవారు. మొక్కు తీరాక జాకెట్టు గుడ్డో, తువ్వాలో, ఏదో ఒకటి తెచ్చి ఆయన పాదాల చుట్టూ చుట్టి వెళ్లేవారు. తుంగతుర్తి నుంచి బండి కట్టుకుని వచ్చిన ఒక పెద్దావిడ ఆ బట్టల కుచ్చును కళ్లకద్దుకుని, "ఇది తాతల నాటి ఆచారమట గద బిడ్డా" అని నన్నే అడిగింది. నేను అవునన్నట్టు తలూపాను. ఆ ఆచారం నా పెద్దకొడుకు కంటే చిన్నది. మొదటి బట్టను నా చేత్తో, మా ఇంట్లో కుట్టు మిషను మీద కుట్టాను.

ఆ బట్ట కింద ఒక పంది ఉంది. అంతోనివారి కాలికి ఒరిగి, తల పైకెత్తి, ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చున్న నల్ల పంది. మెడలో చిన్న గంట కూడా ఉంది. దాన్ని కప్పడానికి ఊరంతటికీ ఉన్న సిగ్గు ఒక ఎత్తు, మా ఇంటికి ఉన్న సిగ్గు ఒక ఎత్తు. మా ఇంటి సంగతి ముందు చెప్పాలి.

నా పుట్టిల్లు కోదాడ. మా నాన్న కాంపౌండరు. మా తాతల కాలం నుంచి మేము క్రైస్తవులమని, మా ముత్తాత గుంటూరు జిల్లాలో గుడి కట్టడానికి రాళ్లు మోశాడని మా ఇంట్లో భోజనాల దగ్గర కూరతో పాటు వడ్డించేవారు. ఆంధ్రా, తెలంగాణా ఒక్కటైన కొత్తలో నాకు సూర్యాపేట సంబంధం వచ్చింది. పిల్లవాడు మిషను బళ్లో సారు. చిన్నప్పుడే బోర్డింగులో వేసుకుని ఫాదర్లు చదివించారట. తండ్రి లేడు. మా నాన్న అడగాల్సిన మాట అడిగాడు.

"మీ అమ్మగారు ఏం చేస్తుంటారు బాబూ?"

"మిర్యాలగూడల ఉంటదండి. గొర్రెలు మేపుతది."

మా నాన్న ముఖం వెలిగింది. గొర్రె అంటే బైబిల్లో జంతువు కదా. దావీదు మేపాడు, మోషే మేపాడు. మా అత్తగారు పెళ్లికి రాలేదు. గొర్రెలను విడిచి రావడం కుదరలేదని మా ఆయన చెబితే, నిజమైన కాపరి మంద విడవదని మా నాన్న పది మందిలో మెచ్చుకున్నాడు కూడా.

పెళ్లైన ఏడాదికి నేనే పట్టుబట్టాను. కాపురానికి వచ్చి అత్త మొహం చూడని కోడలు ఎక్కడైనా ఉంటుందా అని సాధించాను. నాకు నోరు ఎక్కువ, ఆ మాట నా ముందు అనడానికి ఎవరికీ ధైర్యం లేకపోయినా నాకు తెలుసు. చివరికి మిర్యాలగూడ బస్సెక్కించాడు. బస్సు దిగి, బియ్యం మిల్లుల వెనక ఊక కుప్పలు దాటుకుంటూ, మురుగు కాలువ పక్కన ఒక గుడిసె దగ్గరికి తీసుకెళ్లాడు. గుడిసె ముందు నల్లగా, బక్కగా, నవ్వుతున్న ఒక ఆడమనిషి. ఆమె చుట్టూ తవుడు కుడితి కోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్న పందులు. నేను ఇంకా వెర్రిదానిలా అటూ ఇటూ చూసి, "గొర్రెలేవి?" అని అడిగాను.

ఆమె కొడుకు ముఖం చూసింది. కొడుకు నేల చూశాడు. ఆమెకు అర్థమైపోయింది. "గొర్లు అటు మేతకు పోయినయ్ బిడ్డా, ఇవి పక్కింటోళ్లయి" అంది. అబద్ధం అంత తొందరగా అల్లిన మనిషిని నేను చూడలేదు. అంతలో ఒక చూడి పంది వచ్చి ఆమె కాలికి వీపు రుద్దుకుంది. ఆమె మరిచిపోయి దాని చెవి వెనక గోకింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక ఒకే మాట అన్నాను. "ఇది కోదాడలో తెలిసిందా, నేను బావి చూసుకుంటాను." ఆయన సరేనన్నాడు. నేను చెప్పకపోయినా ఆయనకు అదే కావాలి. మా గుళ్లో ముందు వరుసలో కూర్చునే భూములున్న కుటుంబాల వాళ్లు ఆయన్ను "సారూ" అని పిలిచి, వాళ్ల వాకిట్లో కుర్చీ వేసి, గాజు గ్లాసులో చాయ ఇచ్చేవారు. పందులు మేపే తల్లి కొడుకని తెలిస్తే ఆ కుర్చీ ఉండదు, ఆ గ్లాసు ఉండదు. వాళ్ల పిల్లలు మా ఇంట్లో మంచినీళ్లు తాగరు. ఆయన ఆ కుర్చీ కోసం ఎంత దూరం వచ్చాడో నాకు తెలుసు. అందుకని మా గుట్టు ఇద్దరం కలిసే కాశాం. నెలకోసారి ఆయన చీకటితో బయలుదేరి మిర్యాలగూడ వెళ్లి తల్లిని చూసి వచ్చేవాడు. నేనూ అప్పుడప్పుడు వెళ్లేదాన్ని.

అలా ఉండగా అంతోనివారు వచ్చారు. మా ఫాదరు ఇటలీ మనిషి, ముసలాయన. గ్రంథాల భాషలో తెలుగు మాట్లాడేవాడు. ఆయన సొంత ఊరి జనం చందాలేసుకుని ఒక స్వరూపం పంపారు. విజయవాడ నుంచి లారీలో, గడ్డి నింపిన చెక్కపెట్టెలో వచ్చింది. గుడి వాకిట్లో పెట్టె విప్పారు. ముందు గడ్డం, తర్వాత కర్ర, తర్వాత అంగీ. ఆడవాళ్లందరం దణ్ణం పెట్టుకుంటున్నాం. చివరి గడ్డి లాగేసరికి పంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. చిలుకూరు దగ్గర పొలాలున్న పెద్దమనిషి ఒకాయన ముందు మాట్లాడాడు.

"ఏంది ఫాదర్ ఇది? గుళ్లె పందేంది?"

"అది అంతోనివారి పంది" అన్నాడు ఫాదరు సంతోషంగా. "మా దేశమున ఆయన పేరిట మఠములో పందులను పెంచెదరు. మెడకు గంట కట్టి వీధిలో విడిచెదరు. ఆ గంట వినిన యెడల ఎవరును దానిని కొట్టరు, ప్రతి గృహమువారును దానికి అన్నము పెట్టెదరు."

"మీ దేశంల పెడ్తరేమో. గీడ మంది నవ్వుతరు. బజార్ల మేం తలెత్తుకునేదెట్ల? మేం పందులను గొలిచేటోళ్లమని అంటరు. ఒక పూట పని, రంపం పెట్టి కోయిపిద్దం."

ఫాదరు ముఖం మారింది. "ఆయన అడవిలో ఉన్న దినముల నుండి అది ఆయనను విడువలేదు. నేనెట్లు కోయుదును?" అన్నాడు. ఇటు వీళ్లు పట్టు వీడరు, అటు ఆయన వీడడు. అప్పుడు మా ఆయన లేచాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పంది మాట వచ్చిన చోట ఆయన ఊరుకోలేడు. కోయడం వద్దని, పాదాల మీదికి ఒక మంచి బట్ట కడదామని, అందంగానూ ఉంటుందని, గౌరవంగానూ ఉంటుందని చెప్పాడు. అందరికీ నచ్చింది. ఫాదరు మాత్రం మా ఆయన వైపు చాలాసేపు చూసి, "నీ యిష్టము" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం పసుపుపచ్చ పాప్లిన్ గుడ్డ తెచ్చి, అంచుకు జరీ వేసి, బొందు ఎక్కించి కుట్టాను. చక్కగా కుదిరింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, పంది లేదనుకుని మేమంతా పూజకు వెళ్లడం మొదలుపెట్టాం. గుడికి కొత్తగా వచ్చిన ఎవరో ఆ బట్టను మొక్కుబట్ట అనుకుని తనూ ఒకటి కట్టింది. ఆమె గేదె ఈనింది. ఇక చెప్పేదేముంది.

ఆదివారం సాయంత్రాలు మా ఆయన పిల్లలకు పునీతుల కథలు చెప్పేవాడు. ఆ పనిలో ఆయనకు సాటి ఎవరూ లేరు. రోకువారు రోగంతో అడవిలో పడి ఉంటే ఒక కుక్క రోజూ రొట్టె తెచ్చిపెట్టి ఆయన పుండ్లు నాకేదని చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరిచేవారు. ఫ్రాన్సిస్‌వారు మనుషుల్ని తినే తోడేలును "తమ్మీ" అని పిలిచి వెంట ఊళ్లోకి తెచ్చిన కథకు తోడేలు నడక నడిచి చూపించేవాడు. అంతోనివారి దగ్గరికి వచ్చేసరికి కాకి కథ చెప్పేవాడు. ఎడారిలో ఒక ముసలి వనవాసికి కాకి రోజూ అర రొట్టె తెచ్చేదట. అంతోనివారు ఆయన్ను చూడడానికి వెళ్లిన రోజు ఇద్దరికీ సరిపోయేలా నిండు రొట్టె తెచ్చిందట. మంచి కథే. ఒక పిల్ల, "అంతోనివారు పెంచుకున్నది కాకినేనా సార్?" అని అడిగింది. "కాకే" అన్నాడు ఆయన. నేను వసారాలో బియ్యం ఏరుతూ విన్నాను.

మా అత్తతో నాకు మాటలు తక్కువ. గుడిసె ముందు నులక మంచం మీద కూర్చుంటే ఆమె ఏదో ఒకటి పెట్టేది, నేను తిన్నట్టు నటించేదాన్ని. మాట్లాడడానికి ఏమీ దొరక్క ఒకసారి అంతోనివారి సంగతి చెప్పాను. ఒక దేవుడి మనిషి ఉన్నాడని, ఆయన కాళ్ల దగ్గర పంది ఉంటుందని, దాని మెడలో గంట ఉంటుందని. ఆమె కడుగుతున్న గిన్నె చేతిలోనే ఆగిపోయింది.

"దేవుని కాడ పందా? పరాష్కాలాడకు బిడ్డా."

"నిజంగా అత్తా. నల్ల పందే."

"తంతున్నడా దాన్ని, పక్కకు పొమ్మని?"

"లేదు. అదే ఆయన కాలికి ఆనుకుని కూర్చుంటుంది."

ఆమె చాలాసేపు నవ్వుకుంది. పందుల దగ్గరికి వెళ్లి వాటికి కూడా చెప్పింది. "ఇన్నరా, మీవోడు ఒకడు గుళ్లె ఉన్నడట." పెళ్లైనప్పటి నుంచి ఆమెకు నేను ఇచ్చిన మంచి ఏదైనా ఉంటే ఆ మాట ఒక్కటే. బట్ట సంగతి చెప్పలేదు.

ఒక ఏడు చలికాలంలో పందులకు రోగం తగిలింది. ఒంటి మీద ఎర్ర మచ్చలు వచ్చి, పొద్దున లేచిన పంది సాయంత్రానికి పడిపోయేది. మా అత్త పందుల మందంతా పోయింది. చివరికి ఒక్క పిల్ల మిగిలింది. అది కూడా పోతే ఆమెకు ఇక బతుకుతెరువు లేదు. కొడుకు దగ్గరికి వచ్చి ఉండమని మేము ఏనాడూ అనలేదు, ఆమె ఏనాడూ అడగలేదు. ఆ పిల్లను బతికించుకోవడానికి ఆమెకు తెలిసిన దేవతలందరికీ మొక్కింది. ఆ తర్వాత నేను చెప్పిన మాట గుర్తొచ్చింది.

జనవరిలో అంతోనివారి పండుగ వస్తుంది. ఆ రోజు పూజ అయ్యాక గుడి వాకిట్లో పశువులను దీవించడం మా ఫాదరు పెట్టిన ఆచారం. ఎడ్లకు కొమ్ములు కడిగి రంగులేసి, గేదెలకు పూసలు కట్టి తెచ్చేవారు. మేకలు, గొర్రెలు, కోళ్లు కూడా వచ్చేవి. ఫాదరు వరుస వెంట నడుస్తూ తీర్థం చల్లేవాడు. తీర్థం బకెట్టు పట్టుకుని పక్కనే నడిచేది మా ఆయన. ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, చేతికి గడియారం. పందిని తెచ్చేవాళ్లు ఎవరూ ఉండేవారు కాదు, తేవచ్చని చెప్పేవాళ్లూ లేరు.

వరుస చివర, కోళ్ల గంపలవాళ్ల పక్కన, మా అత్తను చూశాను. ముందు గంప, గంప మీద పాత చీర ముక్క. మిర్యాలగూడ నుంచి బస్సులో ఎలా వచ్చిందా అనుకున్నాను. తర్వాత చెప్పింది, పిల్లకు కల్లు తాగించి పడుకోబెట్టి, కండక్టరుకు కోడి అని చెప్పిందట. ఆమె మా ఇద్దరి వైపు చూడను కూడా చూడలేదు. కొడుకు పరువు ఆమెకు తెలుసు. ఏ ఊరిదో తెలియని ముసలమ్మలా దీవెన తీసుకుని వెళ్లిపోదామని వచ్చింది.

ఫాదరు దగ్గరికి వచ్చేసరికి గంపలో గంట మోగింది. అంతోనివారి పందికి ఉందని నేను చెప్పాను కదా, సంతలో మేకపిల్లకు కట్టే గంట కొని కట్టింది.

"ఏమి తెచ్చితివి అమ్మా?" అన్నాడు ఫాదరు.

"పిల్ల దొరా. ఒక్కటే మిగిలింది."

కల్లు మత్తు దిగినట్టుంది, లోపలి పిల్ల గుడ్డను తలతో ఎత్తి కీచుమని అరిచింది. ఎడ్లు బెదిరాయి. "పంది ర, పంది" అంటూ జనం తాళ్లు పట్టుకుని వెనక్కి లాగారు. చిలుకూరు పెద్దమనిషి గబగబా వచ్చాడు.

"ఎవరు రానిచ్చిన్రు ఈమెను?" అని, మా అత్త ముఖం చూసి, మా ఆయన ముఖం చూసి ఆగాడు. ఆ ముక్కు, ఆ గడ్డం కింద గుంట, అన్నీ ఒక్క అచ్చులో పోసినవే. "సారూ, నీకు ఎరికున్న మనిషా ఈమె?"

ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆయన బకెట్టును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"నాకు తెల్వది" అన్నాడు. అది చాలనట్టు ఆమె వైపు తిరిగి, "ఎక్కడిదానివమ్మా నువ్వు?" అని అడిగాడు.

ఆమె తల వంచుకుంది. "దూరంకెళ్లి వచ్చిన సారూ. మీరు పెద్దోళ్లు, మీకెట్ల ఎరుకుంట" అంది.

కన్నకొడుకును "మీరు" అన్నది. ఆడవాళ్ల వరుసలో నేను నిలబడి ఉన్నాను. నా నోరు ఎంత పెద్దదో ఊరంతటికీ తెలుసు. ఆ రోజు అది తెరుచుకోలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. భూమి చీలితే బాగుండునని అంటారు, నాకు నిజంగా అలాగే అనిపించింది.

ఫాదరు ఇవేవీ పట్టించుకోలేదు. ఆయన ముఖంలో అంత ఆనందం నేనెప్పుడూ చూడలేదు. "ఇన్నాళ్లకు అంతోనివారి సొంత మనిషి వచ్చెను" అని, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్లను చేతుల్లోకి తీసుకుని, మా ఆయన పట్టుకున్న బకెట్టులోంచి తీర్థం తీసి దాని తల మీద చల్లాడు. ఆ తడి తల్లి చేతి మీదా, కొడుకు చేతి మీదా పడింది.

జనం పలచబడ్డాక ఆమె గంప బయట పెట్టి గుళ్లోకి వచ్చింది. నేను వెనకే వెళ్లాను. ఎవరూ లేరు. అంతోనివారి ముందు నిలబడి, గడ్డం చూసి, కర్ర చూసి, కిందికి చూసింది. నా పసుపుపచ్చ బట్ట, దాని మీద మొక్కుల గుడ్డలు.

"ఏది బిడ్డా?" అంది గొంతు తగ్గించి.

"బట్ట కింద ఉందత్తా."

"కప్పిన్రా? ఎందుకు?" నా ముఖంలోకి చూసింది. నేను బట్ట అంచు జరీ సర్దాను. ఆమే, "సలికా?" అంది.

"ఆఁ, చలికే."

"మంచి పని జేసిన్రు. పందికి సలి ఆగది" అంటూ ఆ గుడ్డల మీద చెయ్యి వేసి, లోపల ఏదో గట్టిగా తగిలితే అక్కడే తడిమి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. బస్సు స్టాండు దాకా నేను వెంట వెళ్లలేదు. ఎవరైనా చూస్తారని.

ఆ పిల్ల బతికింది. అది పెరిగి, ఈని, మళ్లీ మంద అయింది.

తర్వాతి ఆదివారం ఇద్దరం మిర్యాలగూడ వెళ్లాం. దారంతా ఆయన ఏం చెప్పాలో పెదవులతో కూడబలుక్కుంటున్నాడు. గుడిసె దగ్గరికి వెళ్లేసరికి ఆమె మంచం మీద నుంచి లేచి నిలబడింది. అంతకు ముందెప్పుడూ లేచేది కాదు.

"రా సారూ, కూసో" అంది.

ఆయన అక్కడే ఆగిపోయాడు. "అవ్వా, గట్లంటవేంది? నేను నీ కొడుకును. తిట్టు, కొట్టు, గట్ల పిలవకు."

"ఎందుకు తిడత? నిన్ను సారును జేసినందుకు దినాం మొక్కుకుంట" అంది. ఆ గొంతులో దెప్పు లేదు, అదే మమ్మల్ని ఇంకా కాల్చింది. "అలవాటు జేసుకుంటున్న. నాకు నోరు ఆగదాయె. నలుగురిల ఎప్పుడన్న జారితె నీ ఇజ్జత్ పోతది. ఇంట్ల గూడ సారు అంటే ఇగ బయట జారది."

ఆయన ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆమె తల నిమిరింది. నిమురుతూ కూడా, "ఊకో సారూ, ఊకో" అనే అంది. ఆ రోజు నుంచి ఆమె నోట కొడుకు పేరు గానీ, బిడ్డా అనే మాట గానీ మేము మళ్లీ వినలేదు. నన్ను బిడ్డా అనేది. ఆయన్ను సారూ అనేది.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. సాగర్ కాలువ వచ్చింది, మిర్యాలగూడ నిండా మిల్లులయ్యాయి, మా ఫాదరు పోయి మన దేశపు ఫాదరు వచ్చాడు. మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్లకు నానమ్మ గొర్రెల కథ కూడా చెప్పలేదు. మా ఆయన ఆదివారాలు పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడం మానేశాడు. గొంతు బాగాలేదని చెప్పేవాడు. పందిని కప్పమని సలహా ఇచ్చినందుకు ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు, మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు ఆయనకు ముల్లులా గుచ్చుకునేది. నాకూ అంతే. గుళ్లో ఆ గూటి వైపు కూర్చోవడం మానేశాను.

ఒక చలికాలం ఆమెకు కాళ్లు వాచి, ఊపిరి అందక, పక్కవాళ్లు కబురు పెట్టారు. ఆయన ఈసారి ఎవరికీ దాచలేదు. పట్టపగలు కారు కిరాయికి మాట్లాడి, సూర్యాపేట దవాఖానకు తీసుకొచ్చాడు. నర్సు మంచం దగ్గర నిలబడి అడిగింది.

"పేషెంటుకు మీరేమైతరు?"

"కొడుకును" అన్నాడు ఆయన, వార్డంతా వినిపించేలా.

మంచం మీద నుంచి ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. "కాదమ్మా. సారు మంచోడు. పాపమని తోలుకొచ్చిండు. నాకెవరు లేరు."

"నేను ఈమె కొడుకునేనమ్మా" అన్నాడు ఆయన మళ్లీ. నర్సు ఇద్దరినీ చూసి, ముసలమ్మ మాటే నమ్మింది. ఆయన గడియారం, ఆయన చొక్కా చూస్తే ఎవరైనా ఆమె మాటే నమ్ముతారు. ఆయన వరండాలోకి వెళ్లి గోడకు తల ఆనించుకుని నిలబడ్డాడు. నేను పక్కన నిలబడ్డాను. ఓదార్చడానికి నాకు మాత్రం ఏ ముఖం ఉంది.

కొంచెం నెమ్మదించాక ఇంటికి తెచ్చాం. మొదటిసారి మా ఇంట్లో పడుకుంది. ఆదివారం పొద్దున ఆయన ఆమెను రిక్షాలో ఎక్కించి గుడికి తీసుకొచ్చాడు. పూజ అయిపోయి జనం ఇంకా లేస్తూ ఉన్నారు. చిలుకూరు పెద్దమనిషి, ఇప్పుడు ఆయనకూ వయసైపోయింది, ముందు వరుసలో ఉన్నాడు. మా ఆయన ఆమెను రెండు చేతులతో పట్టుకుని నడిపించి, అంతోనివారి ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. తర్వాత వంగి మొక్కుల గుడ్డలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ సారూ?" అని ఎవరో కేకేశారు. ఆయన ఆగలేదు. అన్నిటికంటే అడుగున నా పసుపుపచ్చ బట్ట, వెలిసి తెల్లబడి, పట్టుకుంటే చిరిగేలా ఉంది. దాన్ని కూడా తీశాడు. ఇన్నేళ్లలో అంతోనివారి ముఖం రంగు వెలిసింది గానీ, దుమ్ము తగలని పంది మాత్రం నిన్న పెట్టె విప్పినట్టు నిగనిగలాడుతోంది. మెడలో గంట మీద బంగారు పూత కూడా అలాగే ఉంది.

"అవ్వా" అన్నాడు ఆయన. గుడంతా వినబడింది. మా వైపు తల్లిని అవ్వ అంటారని అక్కడ తెలియనివాళ్లు లేరు. "అవ్వా, సూడు."

ఆమె చూసింది. చెయ్యి చాచి పంది వీపు మీద పెట్టింది. వేలితో ఆ గంటను ఒకసారి తట్టింది, అది మోగదు. చెవి వెనక గోకింది, మిర్యాలగూడలో నేను చూసిన మొదటి రోజు గోకినట్టే. ఆమె ముఖం నిండా నవ్వు వచ్చింది. ఇంక అంతా సరయిందనుకున్నాను.

అంతలో ఆమె తల తిప్పి వెనక నిలబడిన జనాన్ని చూసింది. నవ్వు పోయింది. కొడుకు చేతిలోని నా బట్టను తనే లాక్కుంది.

"ఎవరన్న సూస్తరు, కప్పు సారూ" అంది.

చలికి కప్పలేదని ఆమెకు ఆ రోజే తెలుసు. ఆయన కదలలేదు. ఆమే బల్ల మీది నుంచి వంగి, ఆ చిరుగుల బట్టను పంది మీద పరిచి, చెవులు కనిపించకుండా చుట్టూ దోపింది.